బోన్ ధర్మాసుపత్రి: రోగుల మంచాలకూ బలిపీఠానికీ మధ్య గోడ ఎందుకు లేదు?

ప్రశ్న: వాస్తు_విద్యార్థి

పాత ఆసుపత్రి భవనాల మీద ఒక వ్యాసం రాయడానికి సిద్ధమవుతూ, ఫ్రాన్స్ దేశంలోని బర్గండీ ప్రాంతంలో బోన్ అనే పట్టణంలో ఉన్న ఓతెల్ ద్యూ గురించి కొన్నాళ్ళుగా చదువుతున్నాను. ఓతెల్ ద్యూ అంటే 'దేవుని ఇల్లు'. ఆ రోజుల్లో ఫ్రాన్స్ పట్టణాల్లో పేదల కోసం నడిచిన ధర్మాసుపత్రులకు అది వాడుక పేరు. బోన్‌లోని ఈ ఆసుపత్రి 1443లో స్థాపితమై, 1452 జనవరి 1న తొలి రోగిని చేర్చుకొని, 1971 వరకు రోగులకు సేవ చేసిందని తెలిసినప్పటి నుంచి ఆ భవనం నా మనసును వదలడం లేదు. ఐదు వందల ఏళ్ళకు పైగా ఒకే కప్పు కింద ఒకే పని జరగడం నేను చదివినంతలో చాలా అరుదు.

నాకు అర్థం కాని విషయాలు రెండున్నాయి. మొదటిది, 'పేదల గది' అని పిలిచే పెద్ద హాలులో రోగుల మంచాలు రెండు వరుసలుగా ఉంటే, ఆ హాలు చివరనే ప్రార్థనామందిరం, అందులో పూజ జరిపే బలిపీఠం ఉన్నాయి, వాటి మధ్య గోడ కూడా లేదు. వైద్యానికీ ఆరాధనకూ వేర్వేరు గదులు కట్టగల ధనమున్న దాత ఇలా ఎందుకు కట్టించాడు? రెండవది, వీధివైపు నుంచి చూస్తే ఈ భవనం పలకరాతి కప్పుతో గంభీరంగా, దాదాపు నిరాడంబరంగా కనిపిస్తుంది. లోపలి ముంగిట్లోకి అడుగుపెట్టగానే ఎరుపు, గోధుమ, పసుపు, ఆకుపచ్చ రంగుల మెరుగు పెంకులు అల్లికలా పరచుకొని ఉంటాయి. ఈ తేడాకు కారణమేమిటి? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం: పాతకట్టడాలు

మీ మొదటి ప్రశ్నకు జవాబు భవనంలో కన్నా దాన్ని కట్టించిన మనిషిలోనే ముందు వెతకాలి. దాత నికొలా రొలాన్, బర్గండీ డ్యూక్ ఫిలిప్ దగ్గర మహామంత్రి. సుమారు 1376లో ఓతన్ పట్టణంలో పుట్టి, న్యాయవాదిగా ఎదిగి, 1435లో ఫ్రాన్స్ రాజుకూ బర్గండీ డ్యూకుకూ మధ్య అరాస్‌లో కుదిరిన సంధికి ముఖ్య సూత్రధారి అయ్యాడు. సంధి కుదిరింది కానీ జనానికి శాంతి దొరకలేదు. జీతాలు లేని సైనికులు ముఠాలుగా మారి పల్లెలను దోచారు, వారి వెనుకే కరువూ తెగుళ్ళూ వచ్చాయి. రొలాన్ ఆ పదవిలో అపారమైన ఆస్తి సంపాదించాడు. 'ఇంతమందిని పేదలుగా చేసినవాడు వారికి ఒక ఆసుపత్రి కట్టించడం న్యాయమే' అని రాజు పదకొండవ లూయీ అన్నాడని ఒక మాట ప్రచారంలో ఉంది. రాజు నిజంగా అన్నా అనకపోయినా, అలాంటి మాట పుట్టి నిలిచిందంటే జనం అతణ్ణి ఎలా చూశారో తెలుస్తుంది.

1443 ఆగస్టు 4 నాటి స్థాపన పత్రంలో అతని ఉద్దేశం దాపరికం లేకుండా ఉంది. దేవుని దయవల్ల తనకు దక్కిన ఇహలోక సంపదను పరలోక సంపదగా మార్చుకోదలచానని, నశించేదాన్ని ఇచ్చి శాశ్వతమైనదాన్ని పొందదలచానని అందులో రాయించాడు. కాబట్టి దాత దృష్టిలో ఆ భవనం మొదట ఆత్మలను కాపాడే చోటు, ఆ తరువాతే దేహాలకు చికిత్స చేసే చోటు. పదిహేనవ శతాబ్దపు వైద్యం చాలా జబ్బుల ముందు చేతులెత్తేసేది. మంచం మీది మనిషికి ఆసుపత్రి నమ్మకంగా ఇవ్వగలిగినవి శుభ్రమైన పడక, వేడి తిండి, చివరి ఘడియలో మత సంస్కారం. లేవలేని రోగికి పూజ వినబడాలి, వీలైతే కనబడాలి కూడా. అందుకే హాలుకూ ప్రార్థనామందిరానికీ మధ్య రాతిగోడ కట్టలేదు, సందులున్న చెక్క అడ్డుతెర మాత్రమే ఉంచారు.

ఇది రొలాన్ కొత్తగా కనిపెట్టిన ఏర్పాటు కాదు. అదే బర్గండీలో టొన్నేర్ అనే ఊళ్ళో 1293లో మార్గరెట్ రాణి స్థాపించిన ఆసుపత్రిలో, తొంభై మీటర్లకు పైగా పొడవున్న హాలు చివర బలిపీఠం ఇలాగే ఉంటుంది. బోన్ హాలు దానికన్నా చిన్నది, సుమారు 50 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు, 16 మీటర్ల ఎత్తు. ఈ పొడవాటి నమూనాలో ఒక ఇబ్బంది ఉంది. మంచాలు పెరిగినకొద్దీ హాలు సాగుతుంది, చివరి మంచం మీది రోగికి బలిపీఠం దూరమైపోతుంది. ఇటలీలోని శిల్పులు ఇదే సమస్యను మరో విధంగా తీర్చారు. మిలన్‌లో 1456లో ఫిలరెతే మొదలుపెట్టిన పెద్దాసుపత్రిలో హాళ్ళను శిలువ ఆకారంలో కలిపి, అవి కలిసే చోట బలిపీఠం ఉంచాలని నిర్ణయించారు. అప్పుడు నాలుగు వైపుల రోగులకూ అది దగ్గరవుతుంది. దాదాపు ఒకే కాలంలో పుట్టిన ఈ బోన్, మిలన్ ఆసుపత్రులనూ మీ వ్యాసంలో పక్కపక్కన పెడితే, చూపు ఎక్కడికి చేరాలన్న ఒక్క ప్రశ్న నుంచే రెండు వేర్వేరు భవనాల పటాలు పుట్టాయని పాఠకులకు స్పష్టమవుతుంది.

బోన్ హాలులో తలెత్తి చూస్తే కప్పు బోర్లించిన ఓడ అడుగులా కనిపిస్తుంది. అడ్డంగా వెళ్ళే ఒక్కొక్క దూలం చివర రంగులు వేసిన వికృతమైన రాక్షసి నోరు దూలాన్ని మింగుతున్నట్టు చెక్కారు. వాటి నడుమ చిన్న చిన్న మనిషి తలలు, జంతువుల తలలు ఉంటాయి. ఆ మనుషులు బోన్ పట్టణపు పెద్దలేనని స్థానికంగా చెప్పుకుంటారు. వెల్లకిలా పడుకున్న రోగి రోజంతా చూడగలిగింది ఆ కప్పునే కదా, దాన్ని ఇంత శ్రద్ధగా చెక్కించడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

ఇక బలిపీఠం మీద ఉండిన చిత్రం సంగతి. దాన్ని ఫ్లాండర్స్ చిత్రకారుడు రోజియర్ వాన్ డెర్ వేడెన్ చేత వేయించారు. తలుపుల్లా తెరుచుకునే పలకల మీద వేసిన అంతిమ తీర్పు చిత్రం, అంటే లోకాంతాన దేవుడు మనుషులకు తీర్పు చెప్పే దృశ్యం అది. మామూలు రోజుల్లో తలుపులు మూసి ఉండేవి, ఆదివారాలూ పండుగ రోజుల్లో మాత్రమే తెరిచేవారు. మూసినప్పుడు కనిపించే వైపు దాతలిద్దరూ, అంటే రొలాన్, అతని భార్య గీగోన్, మోకాళ్ళ మీద ఉంటారు, వారి మధ్య రాతి విగ్రహాల్లా బూడిద రంగులో సెబాస్టియన్, ఆంథోనీ అనే ఇద్దరు పునీతులు ఉంటారు. ఈ ఎంపిక యాదృచ్ఛికం కాదు. సెబాస్టియన్‌ను ప్లేగు నుంచి కాపాడమనీ, ఆంథోనీని ఆయన పేరుతోనే 'ఆంథోనీ మంట' అని పిలిచిన జబ్బు నుంచి కాపాడమనీ జనం వేడుకునేవారు. బూజు పట్టిన రై ధాన్యం తినడం వల్ల కాళ్ళూ చేతులూ మండి, కుళ్ళి రాలిపోయే జబ్బు అది. తెరిచినప్పుడు నడుమ మికాయేలు దూత తక్కెడతో ఆత్మలను తూస్తుంటాడు. నరకం వైపు చూస్తే పాపులను ఈడ్చుకుపోయే దయ్యం ఒక్కటీ ఉండదు, వాళ్ళు తమ బరువుతో తామే పడిపోతుంటారు. చావుకు దగ్గరగా ఉన్నవారి కళ్ళెదుట పెట్టిన చిత్రం అదని గుర్తుంచుకొని చూస్తే, ఆ హాలు ఎందుకలా కట్టారో వేరే వివరణ అక్కరలేదు.

సమాధానం: సేవిక

చాలా ఏళ్ళు వార్డులో నర్సుగా పనిచేసిన మనిషిని కాబట్టి నా కళ్ళు కప్పు మీదికన్నా నేల మీదికి ముందు పోతాయి. పై సమాధానంలో చెప్పిన ఆత్మరక్షణ మాట నిజమే, కానీ అక్కడ దేహానికి జరిగిన సేవను తక్కువగా చూడకూడదని నా అభిప్రాయం.

స్థాపన పత్రంలో ఆ హాలుకు 30 మంచాలు ఏర్పాటు చేశారు. ఇప్పుడు సందర్శకులు చూసేవి రెండు పక్కలా 14 చొప్పున 28. తలలు గోడవైపు, కాళ్ళు నడవవైపు ఉండేలా మంచాలు వేశారు. వార్డులో పనిచేసినవారికి దీని విలువ వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే నడవ మధ్యలో ఒకసారి నడిస్తే రెండు వరుసల్లోని ముఖాలన్నీ కనిపిస్తాయి. మంచానికి తెరలుండేవి. ఒక్కొక్క మంచం మీద ఇద్దరేసి రోగులను పడుకోబెట్టడం ఆ కాలంలో మామూలే. ఇది వినగానే మనకు ఒళ్ళు జలదరిస్తుంది కానీ, అంటు ఎలా పాకుతుందో తెలియని కాలంలో, 16 మీటర్ల ఎత్తున్న గదిలో చలికాలం గడిపేవారికి పక్కనున్న మనిషి వెచ్చదనమూ తెర లోపలి వెచ్చదనమూ చిన్న విషయాలు కావు.

నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచేది నీరు. బూజేజ్ అనే చిన్న వాగు భవనం కింది నుంచి పారుతుంది, ఆసుపత్రి మురుగంతా అందులోకి వదిలేవారు. దిగువన ఉన్నవారికి అది ఎంత హాని చేసిందో వేరే సంగతి. అయితే రోగులున్న చోట నుంచి మలినం నిలవకుండా పోవాలన్న ఆలోచన పునాదుల దశలోనే ఉందన్నమాట. ముంగిట్లో ఇనుప పనితనంతో అందంగా ఉన్న బావి, ముంగిలి చుట్టూ రెండు అంతస్తుల్లో సాగే వసారాలు కూడా ఈ పనిలో భాగమే. వంటగది నుంచి గిన్నె పట్టుకొని వానలో తడవకుండా రోగి దగ్గరికి చేరగలగడం సేవ చేసేవారికి రోజుకు ఎన్నోసార్లు ఎదురయ్యే అవసరం.

ఆ సేవ చేసిన ఆడవాళ్ళ గురించి కూడా మీ వ్యాసంలో తప్పక రాయండి. వారు సన్యాసినుల్లా దుస్తులు ధరించినా జీవితాంతం బంధించే ప్రమాణాలు చేసినవారు కారు, కావాలనుకుంటే విడిచి వెళ్ళిపోయే స్వేచ్ఛ వారికుండేది. వంట, మందుల తయారీ, రోగుల ఆలనాపాలనా వారి చేతుల మీదుగానే నడిచాయి. దాత భార్య గీగోన్ ద సలాన్ కూడా 1462లో భర్త పోయాక ఆసుపత్రి బాగోగులు చూసుకుంటూ గడిపి, 1470లో మరణించాక అక్కడి ప్రార్థనామందిరంలోనే సమాధి అయ్యారు. నేల పలకల మీద ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు పెనవేసి ఉంటాయి, వాటి పక్కన 'ఒక్కతే' అనే అర్థమిచ్చే ఫ్రెంచి మాటా, ఒక నక్షత్రమూ ఉంటాయి. తన జీవితంలో ఆమె ఒక్కతే తార అని రొలాన్ చెప్పుకున్న మాట అది. రోగులూ, సేవికలూ రోజూ నడిచిన నేల మీద ఆ మాట ఉందని తలచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

మరొక చిన్న విషయం. 1658లో పద్నాలుగవ లూయీ ఆ ఆసుపత్రిని చూడటానికి వచ్చినప్పుడు, ఆడవారూ మగవారూ ఒకే హాలులో ఉండటం ఆయనకు నచ్చక, వారిని వేరుచేయడానికి ధనం ఏర్పాటు చేశాడు. నిజానికి హాలు పక్కన వేరే గదులు రావడం ఆయన రాకకు ముందే మొదలై, ఆ తరువాతా సాగింది. సెయింట్ హ్యూగ్ గది 1645 నాటిది, సెయింట్ లూయీ గది 1661 నాటిది. అంటే మీరు చూస్తున్న ముంగిలి కూడా ఒక్కసారిగా పుట్టింది కాదు.

మళ్ళీ ప్రశ్న: వాస్తు_విద్యార్థి

ఇద్దరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. మంచాల దిశ గురించి సేవిక గారు చెప్పినది నాకు ఎక్కడా దొరకని మాట. అయితే నా రెండవ ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఆ రంగుల కప్పు రొలాన్ కాలం నాటిదేనా? మరొకటి కూడా అడగాలనుంది. దాతలిద్దరూ పోయాక, యుద్ధాలూ విప్లవాలూ వచ్చి పోయాక, ఈ ఆసుపత్రికి ఐదు శతాబ్దాల పాటు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

సమాధానం: పాతకట్టడాలు

కప్పు విషయంలో జాగ్రత్తగా రాయండి, చాలామంది ఇక్కడే పొరబడతారు. ముంగిలివైపు కప్పుకు రంగు మెరుగు పెంకులు వేయడం పాత సంప్రదాయమే. కానీ ఇప్పుడు కనిపిస్తున్న అల్లిక 1902, 1907 మధ్య సొవాజో అనే వాస్తుశిల్పి ఆధ్వర్యంలో కొత్తగా పరచినది. మొదటి పెంకుల అమరిక ఎలా ఉండేదో అప్పటికే తెలియకుండా పోయింది, అందువల్ల ఆయన తన ఊహతోనూ ఆ ప్రాంతపు పాత కప్పుల పరిచయంతోనూ దాన్ని కూర్చాడు. హాలులోని మంచాలూ సామానూ కూడా 1870లలో జరిగిన పునరుద్ధరణలో అమర్చినవే. అంతమాత్రాన అవి అబద్ధమని నేను అనను. గోడలూ దూలాలూ కప్పు చట్రమూ పదిహేనవ శతాబ్దపువి, వాటి మీద పందొమ్మిదీ ఇరవయ్యో శతాబ్దాల చేతులు పడ్డాయి. వాస్తు గురించి రాసేవారు ఈ పొరలను వేరుచేసి చెప్పడం పాఠకుల పట్ల కనీస బాధ్యత.

బలిపీఠం చిత్రానికీ ఇలాంటి చరిత్రే ఉంది. ఫ్రెంచి విప్లవ కాలంలో దాన్ని తీసి అటక మీద పెట్టారు. ఒక దశలో నగ్నంగా ఉన్న బొమ్మలకు బట్టలు కూడా వేశారు. 1836లో దాని విలువ తిరిగి గుర్తించారు, 1870లలో బాగుచేయించారు. రెండు వైపులా చిత్రాలున్న పలకలను మందం మధ్యగా కోసి వేరుచేశారు, అందుకే ఇప్పుడు లోపలి వైపూ వెలుపలి వైపూ ఒకేసారి చూడగలుగుతున్నాం. చూడటానికి సౌకర్యమే, కానీ వారమంతా మూసి ఉండి ఆదివారం తెరుచుకున్నప్పుడు రోగులకు కలిగిన అనుభవం మనకు ఇక దొరకదు. చిత్రం ఇప్పుడు బలిపీఠం మీద లేదు, వెలుతురునూ తేమనూ అదుపులో ఉంచిన వేరే గదిలో ఉంది.

వెలుపల పలకరాయి, లోపల రంగులు ఎందుకన్నదానికి దాత రాసిపెట్టిన కారణం ఏదీ నేను చదవలేదు కాబట్టి నా అభిప్రాయంగానే చెబుతాను. వీధివైపున్న పొడవాటి కప్పు కింద ఉన్నది పేదల హాలు, ఆ కప్పు మీద సూదిలా సుమారు 30 మీటర్ల ఎత్తుకు లేచే శిఖరం ఉంది. వీధికి అది గుడి ముఖం చూపిస్తుంది. ముంగిలివైపు వసారాలు, కప్పులోంచి ముందుకు పొడుచుకొచ్చే కిటికీలు, వాటి కొసల మీద సీసపు అల్లికలు, గాలికోళ్ళు అన్నీ ఫ్లాండర్స్ దేశపు గొప్ప ఇళ్ళను తలపిస్తాయి. ఫ్లాండర్స్ అప్పట్లో బర్గండీ డ్యూకు పాలనలోనే ఉండేది. వైభవాన్ని లోపల ఉండేవారి కోసం దాచి, వెలుపల మితంగా ఉండటం ఆ ఇళ్ళ పద్ధతే.

సమాధానం: ఖాతాపుస్తకం

డబ్బు ప్రశ్నకు నేను జవాబిస్తాను. రొలాన్ న్యాయవాది కాబట్టి భవనానికన్నా ముందు హక్కులనూ ఆదాయాన్నీ భద్రపరచుకున్నాడు. 1441లోనే పోప్ నాలుగవ యూజీన్ దగ్గర అనుమతి సంపాదించి, స్థానిక బిషప్పు అధికారం ఆసుపత్రి మీద లేకుండా చేశాడు. స్థాపన పత్రంలో ఏటా 1000 లీవ్రుల (అప్పటి ఫ్రెంచి డబ్బు) ఆదాయాన్ని సలాన్ పట్టణపు ఉప్పు బట్టీల మీద రాసిచ్చాడు. గీగోన్ ఇంటిపేరులో ఉన్నది ఆ సలానే. భూగర్భంలోని ఉప్పునీటిని తోడి, మరిగించి ఉప్పు తీసే ఆ బట్టీలు ఆ కాలంలో రాజులకు కూడా పెద్ద ఆదాయ వనరు. రాబడి ఎప్పటికీ ఆగని సరుకు మీద ధర్మాన్ని నిలబెట్టడం ఎంతో ముందుచూపుగల పని.

అయితే ఆసుపత్రిని శతాబ్దాల పాటు నిలబెట్టింది ఉప్పు కాదు, ద్రాక్షతోటలు. మన గుళ్ళకూ సత్రాలకూ మాన్యాలు రాసిచ్చినట్టే, అక్కడివారు తమ ఆత్మశాంతి కోసం, లేదా చూసుకున్నందుకు కృతజ్ఞతగా, తోట ముక్కలను ఆసుపత్రికి రాసిచ్చారు. తొలి ద్రాక్షతోట 1457లోనే దానంగా వచ్చింది. తరతరాలుగా పేరుకొని ఆ తోటలు ఇప్పుడు సుమారు 60 హెక్టార్లున్నాయి. బర్గండీలో ద్రాక్షతోటలు పలికే విలువను బట్టి చూస్తే అది అపారమైన ఆస్తి. దాని రాబడి ఆసుపత్రికి వెళ్ళాలన్న నియమం మాత్రం మారలేదు.

1859 నుంచి ఆ తోటల ద్రాక్షసారాయిని బహిరంగ వేలంలో అమ్ముతున్నారు. ఏటా నవంబరు మూడవ ఆదివారం జరిగే ఆ వేలంలో 228 లీటర్ల పీపాల్లో సరుకు పలుకుతుంది. ఒక పీపాను మాత్రం వేరుగా ఉంచి, కొవ్వొత్తి వెలుగుతున్నంతసేపూ పాట సాగించి, వచ్చిన సొమ్మును బయటి ధర్మసంస్థలకు ఇస్తారు. మిగతా రాబడి కొత్త ఆసుపత్రి పరికరాలకూ పాత భవనం మరమ్మతులకూ వెళుతుంది. 1971లో రోగులు కొత్త భవనానికి మారాక పాత హాళ్ళు ప్రదర్శనశాల అయ్యాయి కానీ, 1443లో మొదలైన ధర్మం ఆగలేదు, చిరునామా మారింది అంతే. పట్టణంలో ఇప్పుడు రోగులకు వైద్యం చేస్తున్న ఆసుపత్రికి ఆ తోటల సొమ్ము చేరుతూనే ఉంది.

మీ వ్యాసానికి ఒక్క సూచన చేస్తాను. భవనం పటంతో పాటు ఆ తోటల పటాన్ని కూడా ఒక పేజీలో వేయండి. హాలుకు దూలాలు ఎలాగో ఆసుపత్రికి ఆ తోటలు అలాగ, రెండింటినీ ఒకచోట చూపిన వ్యాసం తెలుగులో నాకైతే ఇంతవరకు కనిపించలేదు.